పది నిమిషాల వాన

సబ్‌స్టేషన్ ఆపరేటర్‌గా ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాడికి టెలిఫోనులో వినపడే ప్రశ్న ఒక్కటే. "కరెంటు ఎప్పుడిస్తావప్పా?" పొద్దున అడుగుతారు, మధ్యాహ్నం అడుగుతారు, కరెంటు ఉన్నప్పుడు కూడా ముందుజాగ్రత్తగా ఫోన్ చేసి అడుగుతారు. మా అమ్మాయి పెళ్ళిలో అక్షింతలు వేయడానికి వచ్చిన ఒక పెద్దాయన, వేసి దిగిపోతూ నా చెవిలో అదే ప్రశ్న అడిగి మరీ భోజనానికి పోయాడు.

మా శాఖలో కొత్తగా చేరిన తమ్ముళ్ళు అప్పుడప్పుడూ నన్ను చూడడానికి వస్తుంటారు. "సర్వీసులో మరిచిపోలేని రోజు ఏది సార్?" అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ పేలిన రోజో, గాలికి స్తంభాలు వరసగా పడిపోయిన రోజో చెబుతానని వాళ్ళ ఆశ. నేను కారు పందెం గురించి మొదలుపెడతాను. అది కూడా కంప్యూటర్లో ఆడే కారు పందెం. ముసలాయనకు మతి తప్పిందేమోనని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇన్నిసార్లు నోటితో చెప్పడం కంటే ఒకసారి రాసి పెడితే మేలనిపించింది.

తొంభైల చివరి మాట. మా ఊరు తాడిపత్రికీ యాడికికీ మధ్యన ఉంటుంది. రైలు గేటు దాటగానే ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాని యజమానిని ఊరంతా టైపు సారు అనేది. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోతున్నారని ఆయన మిషన్ల మధ్యన ఒక కంప్యూటర్ తెచ్చి పెట్టాడు. బోర్డు మీద ఖాళీగా ఉన్న చోట 'కంప్యూటర్' అని రాయించాడు. చోటు చాలక చివరి అక్షరం బోర్డు దాటి గోడ మీదికి పోయింది.

డ్యూటీ లేనప్పుడు నేను అక్కడే ఉండేవాణ్ణి. ఇంకో ఇద్దరు కూడా వచ్చేవాళ్ళు. ఒకరు లారీ అన్న. తాడిపత్రి బండలు వేసుకుని బెంగళూరుకు సొంత లారీ తోలే మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. రెండో ఆయన నాకు వరసకు బావ. పన్నెండెకరాల మెట్ట చేను, శెనక్కాయ తప్ప వేరే పంట ఎరగడు. బోరు వేయిస్తే దుమ్ము లేచింది. నేను పిలవడం విని మిగతా ఇద్దరూ కూడా బావా అనే పిలిచేవాళ్ళు. నలుగురికీ ముప్ఫై దాటాయి. పెళ్ళాం బిడ్డలున్న మొగవాళ్ళం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇక మీదట నవ్వడానికి పనికొస్తుంది.

ఒకరోజు టైపు సారు కొన్న కంప్యూటర్ పత్రికతో పాటు ఒక సీడీ ఉచితంగా వచ్చింది. అందులో ఒక కారు పందెం ఆట. పూర్తి ఆట కాదు, రుచి చూడమని ఇచ్చిన ముక్క. ఒకటే కారు, ఒకటే దారి, రెండే చుట్లు. రెండో చుట్టు అవగానే తెర నల్లబడి 'పూర్తి ఆట త్వరలో' అని పడేది.

"బొమ్మకార్లతో ఆడేదానికి నేనేమన్నా పిల్లోణ్ణా?" అని లారీ అన్న మొదట ముఖం తిప్పుకున్నాడు. మేం బలవంతం చేస్తే కూర్చున్నాడు. మూడో మలుపులో వేగం ఎక్కువై కారు వెనకభాగం జారింది. అంతే, ఆయన కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు, సిమెంటు గచ్చు ఉంది. ఆయన కాసేపు కాలి వంక చూసుకున్నాడు.

"ఇది ఆట కాదప్పా," అన్నాడు మెల్లగా. "ఈ బండికి బరువుండాది. లోడు లేని లారీ యాడ జారుతాదో, ఇదీ ఆడే జారుతాండాది."

పదిహేనేళ్ళు లారీ తోలినవాడి సర్టిఫికెట్ అది. ఇక మాకు పిచ్చి పట్టడానికి ఇంకేం కావాలి? ఆ రెండు చుట్లే రోజూ తిరిగేవాళ్ళం. రెండు చుట్లకు నాలుగు నిమిషాలు. టైపు సారు అందరి సమయాలూ ఒక లాంగ్ నోటుబుక్కులో గీతలు కొట్టి రాసేవాడు. కీబోర్డు మీట్లతో కారు తోలడం లారీ అన్నకు నచ్చలేదు. "బియ్యంలో రాళ్ళేరినట్టుండాది," అని పాత జీపు స్టీరింగ్ ఒకటి, తన లారీలోంచి తీసేసిన సీటు ఒకటి పట్టుకొచ్చాడు. నేను పాత రేడియోలోంచి సౌండు పెంచే నాబ్ ఊడదీసి, దాన్ని స్టీరింగ్ కడ్డీకి బిగించి, వైర్లు కంప్యూటర్ వెనక కలిపాను. మొదటి వారం కుడికి తిప్పితే ఎడమకు పోయేది. వారానికి అది అలవాటై, వైర్లు సరిచేసిన రోజున నలుగురమూ గోడకు గుద్దుకున్నాం.

ఇక పూర్తి ఆట కోసం కాచుకోవడం మొదలైంది. దసరాకు వస్తుందని పత్రికలో రాశారు. దసరా పోయింది. వేసవికి అన్నారు. వేసవి మాకు ఎలాగూ వచ్చింది, ఆట రాలేదు. పత్రిక రాగానే టైపు సారు వెనక పేజీల నుంచి తిరగేసేవాడు, మేం ఆయన ముఖం చూసేవాళ్ళం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటే 'వాయిదా' అని అర్థం.

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవురికీ తెల్వదంటారు," అన్నాడు బావ ఒకసారి. "ఈ ఆట దాంట్లో మూడోది."

రెండేళ్ళయ్యాక ఆలస్యానికి కారణమేమిటో పత్రికలో వచ్చింది. టైపు సారు పైకి చదివి తెలుగులో చెప్పాడు. ఆటలో వాన పడుతుందట. ఉత్తుత్తి వాన కాదు. మబ్బు పట్టి, గాలి మారి, చినుకు మొదలై, దారి మెల్లగా తడిసి, తడిసిన చోట టైర్లు జారేంత నిజమైన వాన. ఎప్పుడు పడేదీ ఆడేవాడికి ముందు తెలియదట. ఆ వాన ఎంత ప్రయత్నించినా సరిగ్గా కురవడం లేదట, అందుకే ఆట ఆలస్యమట.

అందరికంటే ముందు బావ నవ్వాడు. నవ్వి నవ్వి లారీ సీటులోంచి జారి కింద కూర్చున్నాడు.

"ఆడ కూడానా? దొరల దేశంలో కూడా వాన కోసమే ఆగినారా? ఓరి దేవుడా, మనకు తోడు దొరికినారప్పా!"

ఆ రోజే కంపెనీకి ఉత్తరం రాయాలని తీర్మానించాం. టైపు సారు మంచి కాగితం ఎక్కించి, మార్జిన్లు సరిచూసి, 'రెస్పెక్టెడ్ సర్' కొట్టి ఆగాడు. చెప్పాల్సిన మాట బావ చెప్పాడు. "వాన సరిగ్గా రాకపోయినా పర్వాలేదు, మాకు అలవాటే, ముందు ఆట పంపమని రాయి సార్." ఆయన దాన్ని ఎంత మర్యాదైన ఇంగ్లీషులోకి మార్చాడో నాకు తెలియదు. మూడు నెలలకు జవాబు వచ్చింది. అచ్చు వేసిన కాగితం, అందరికీ పంపేదే. మీ ఓపికకు కృతజ్ఞతలు అని ఉంది.

"ఓపిక గురించి అనంతపురం జిల్లావోళ్ళకు చెప్తాండారే!" అన్నాడు లారీ అన్న. ఆ కాగితానికి టైపు సారు ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు.

మొత్తం నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో బావ మూడుసార్లు పంట పోగొట్టుకున్నాడు. ఆ సంగతి ఇక్కడ ఎక్కువ రాయను, ఆయనే ఎక్కువ మాట్లాడేవాడు కాదు. చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, రెండు చుట్లు తిరిగి, "వాన పడే ఆట ఎప్పుడొస్తాది సార్?" అని అడిగి పోయేవాడు. మా ముగ్గురికీ ఆ ఆటలో కావలసింది కొత్త కార్లూ, కొత్త దారులూ. ఆయనకు కావలసింది వానే.

చివరికి ఆట విడుదలైంది. లారీ అన్న బెంగళూరులో బండలు దింపి, ఆ దుమ్ము బట్టలతోనే పెద్ద అంగడిలోకి పోయి పెట్టె కొన్నాడు. దారి పొడుగునా దాన్ని పక్క సీటులో పెట్టి తువ్వాలతో కట్టాడట. ఊళ్ళోకి వస్తూ గేటు దగ్గర నుంచి ఆపకుండా హారన్ కొట్టాడు. ఎవరింట్లోనో పెళ్ళి బస్సు వచ్చిందని ఆడవాళ్ళు బయటికి వచ్చి చూశారు. ముప్ఫై దాటిన మగవాళ్ళం నలుగురం ఒక అట్టపెట్టెను ఎత్తుకుని గుండ్రంగా తిరగడం ఆ వీధి ఇప్పటికీ మరిచిపోలేదు.

సంబరం తగ్గాక అసలు చిక్కు బయటపడింది. పెద్ద పందెం గంటా పావు నడుస్తుంది. మధ్యలో ఆపి దాచుకోవడానికి వీల్లేదు. నాలుగు నిమిషాల ఆటకు కరెంటు కోతలు ఎప్పుడూ అడ్డం రాలేదు. గంటా పావు, మా ఊళ్ళో, ఆ రోజుల్లో! టైపు సారు దగ్గర యూపీఎస్ ఉంది గాని, అది పది నిమిషాలు కీచుకీచుమని ఏడ్చి ప్రాణం విడిచేది.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఏమప్పా, ఊరి కరెంటంతా నీ చేతిలో ఉండాది," అన్నాడు లారీ అన్న. "నాలుగేండ్లు కాచుకున్నాం. ఒక్క గంటా పావు ఇయ్యలేవా?"

సాక్షాత్తు కరెంటు శాఖ మనిషిని. ఛాతీ పొంగింది. "ఆ రోజు మీకు కరెంటు పోదు. నాది పూచీ," అన్నాను. తమ్ముళ్ళూ, ఈ ఉద్యోగంలో ఎవరికీ ఇవ్వకూడని మాట అది.

ఎవరు ముందు తోలాలో చీటీలు వేశాం. నా పేరే వచ్చింది! ఎగిరి గంతేశాను. వేసి కిందికి దిగేలోపు అర్థమైంది, నేను ఇక్కడ స్టీరింగ్ పట్టుకుంటే అక్కడ సబ్‌స్టేషన్‌లో కూర్చునేదెవరు? పూచీ ఇచ్చినవాణ్ణి నేను. కాసేపు గోడ మీది ఉత్తరం చదువుతున్నట్టు నిలబడి, "నా వంతు బావకిస్తాండా," అన్నాను. బావ వద్దనలేదు. వద్దంటే నేను మనసు మార్చుకుంటానేమోనని భయం. వెంటనే సీటులో కూర్చుని స్టీరింగ్ తుడిచాడు.

నాకు ఆ ఆదివారం డ్యూటీ లేదు. మా సీనియర్ ఆపరేటర్‌ను బతిమాలి, ఆయన పగటి డ్యూటీ నేను తీసుకున్నాను. రిటైరవడానికి దగ్గరపడ్డ పెద్దమనిషి. ఆదివారం డ్యూటీ అడిగి తీసుకునేవాణ్ణి ఆయన సర్వీసులో చూడలేదు. కారణం చెబితే చాలాసేపు ఆలోచించాడు.

"కారు తోలేదానికి కరెంటు ఏంటికప్పా?"

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి, లేకపోతే నా ఘనకార్యం మీకు అర్థం కాదు. మా సబ్‌స్టేషన్ నుంచి రెండు ముఖ్యమైన లైన్లు పోయేవి. వాటిని ఫీడర్లు అంటాం. ఒకటి టౌన్ ఫీడర్, రెండోది పల్లె ఫీడర్. రోజూ చెప్పి తీసే కోత కాక, పై నుంచి ఉన్నట్టుండి ఫోన్ వచ్చేది. "లోడు తట్టుకోలేకున్నాం, ఒక ఫీడర్ తియ్యి" అని. తీయకపోతే మొత్తం జిల్లాయే చీకటవుతుంది. ఏది తీయాలో వంతుల ప్రకారం మేం చూసుకోవాలి.

పొద్దున పై నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను టౌన్ ఫీడర్ తీసి, దాని వంతు కోత ముగించేశాను. ఇక మధ్యాహ్నం ఫోన్ వచ్చినా వంతు పల్లె ఫీడర్‌దే. నియమం తప్పలేదు, న్యాయం తప్పలేదు, మా వాళ్ళ ఆట చెడదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. పొద్దున టౌన్ తీసినప్పుడు ప్రభుత్వాసుపత్రి కాంపౌండర్ ఫోన్ చేశాడు.

"మా వంతు అయిపాయ కదప్పా? మధ్యాహ్నం మళ్ళా తీయవు కదా? ఈడ కాన్పులకు ఇద్దురుండారు."

"తీయను. నాది పూచీ," అన్నాను. ఆ రోజు ఎవరడిగితే వాళ్ళకు పూచీ ఇచ్చేశాను.

రెండున్నరకు ఆట మొదలవుతుందని తెలుసు. గంట గంటకూ మీటర్లు చూసి రాయాల్సిన రిజిస్టర్‌లో రెండున్నర దగ్గర పెన్సిలుతో చిన్న కారు బొమ్మ వేశాను. కుర్చీలో కూర్చుని నేనూ మలుపులు తిరిగాను. ఇప్పుడు మొదటి చుట్టు, ఇప్పుడు ఐదో చుట్టు. బయట జూన్ ఎండ మండుతోంది. మృగశిర కార్తె పోయినా చినుకు లేదు. విత్తనాలు ఒలిచి పెట్టుకున్న వాళ్ళందరూ ఆకాశం చూస్తున్న రోజులు.

మూడుంబావుకు ఫోన్ మోగింది. పై సబ్‌స్టేషన్. "ఒక ఫీడర్ తియ్యి. ఇరవై నిమిషాలు."

"ఇదిగో, ఇప్పుడే," అన్నాను హుషారుగా. కోత తీయమంటే ఇంత సంతోషపడే ఆపరేటర్ అవతలి మనిషికి ఎప్పుడూ తగిలి ఉండడు. లేచి, పల్లె ఫీడర్ బ్రేకర్ దగ్గరికి పోయి, పాట కూడా పాడుకుంటూ, హ్యాండిల్ తిప్పాను. ధడ్ మంది. టౌన్ ఫీడర్ మీటరు ముల్లు కదలకుండా నిలబడి ఉంది. ఆ ముల్లును చూసి, "తోలు బావా తోలు," అన్నాను.

తర్వాత ఫోన్ ఆగలేదు. అన్నీ పల్లెలే, అదే ప్రశ్న. "ఇరవై నిమిషాలప్పా," అని చెబుతూనే ఉన్నాను. ఏడు నిమిషాలయ్యేసరికి తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. లారీ అన్న. చెప్పులు లేవు, చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది, నోరు తెరిచాడు గాని మాట రావడం లేదు.

"ఏమన్నా, గెలిచినామా?" అన్నాను లేచి.

ఆయన కుండలో నీళ్ళు ముంచి సగం తాగి, సగం నెత్తిన పోసుకున్నాడు. "యాడ గెలిచేది! కరెంటేదప్పా?"

"ఉండాది కదన్నా. చూడు, టౌన్ ముల్లు చూడు."

"నీ ముల్లు నాకేంటికప్పా! ఆడ మిషన్ కీచుకీచుమంటాండాది! నీ ఫోన్ యాడ ఖాళీగా ఉంటాది? మోపెడ్ మీద వస్తి, గేటు పడె, సిమెంటు గూడ్సు అడ్డం నిలిచె. మోపెడ్ ఆడే పారేసి, డబ్బాల కింద దూరి, పరిగెత్తుకొస్తి! లారీ తోలేవోణ్ణి, పరిగెత్తడం నాకు తెల్సునా!"

నాకు నమ్మకం కుదరలేదు. ఆయన పొరపాటు పడ్డాడనుకున్నాను. అయినా ఎందుకో ఒక అనుమానం వచ్చింది. అల్మారాలోంచి పని రిజిస్టర్ తీశాను. మా లైన్‌మన్ స్తంభమెక్కే ముందు మా దగ్గర అనుమతి తీసుకుంటాడు, మేం అందులో రాసుకుంటాం. ఒక నెల వెనక్కి తిప్పాను. రైలు గేటు అవతలి వీధి ట్రాన్స్‌ఫార్మర్, టౌన్ ఫీడర్ మీద భారం ఎక్కువైనందున, పల్లె ఫీడర్‌కు మార్చడమైనది. అనుమతి ఇచ్చిన ఆపరేటర్ సంతకం. సంతకం నాదే. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి.

అంటే నాలుగేళ్ళు కాచుకున్న ఆటను, నా వంతు వదులుకుని కాపలా కూర్చుని, పాట పాడుతూ నేనే ఆర్పేశాను.

లారీ అన్న ఆ పేజీ చదివాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, గడియారం చూశాడు. "మూడు నిమిషాలుండాది. పల్లెది ఎక్కించి, ఇది దించప్పా. టౌన్ దించు. ఎవురికి తెలుస్తాది?"

అబద్ధం ఎందుకు చెప్పాలి, నా చెయ్యి టౌన్ హ్యాండిల్ మీదికి పోయింది. పై వాళ్ళకు ఒక ఫీడర్ తగ్గితే చాలు. మూడు నిమిషాల్లో అది ఎక్కించి ఇది దించవచ్చు. చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. కాంపౌండర్ గొంతు గుర్తొచ్చింది.

"ఆసుపత్రిలో ఇద్దురు కాన్పుకుండారన్నా," అన్నాను. "తీయనని పొద్దున మాటిచ్చినా."

"మాకీలేదా మాట?"

"ఇచ్చినా."

ఆయన నన్ను చూశాడు, హ్యాండిల్ మీద నా చేతిని చూశాడు. తర్వాత ఆయనే వచ్చి నా చెయ్యి తీసి కిందికి దించాడు. "వద్దులే," అన్నాడు. "వద్దప్పా. కూచో."

ఇద్దరం బెంచీ మీద కూర్చుని గడియారం చూశాం. నిమిషాల ముల్లు మూడు గీతలు దాటింది. అవతల మిషన్ చచ్చిపోయి ఉంటుంది. "గేటు లేకపోయుంటే..." అని ఆయన మొదలుపెట్టి ఆపేశాడు. మూడూ ముప్ఫై ఐదుకు పై నుంచి ఫోన్ వచ్చింది, ఫీడర్ ఎక్కించాను. అంత నీరసంగా ఎప్పుడూ ఎక్కించలేదు. నాలుగింటికి డ్యూటీ దిగేదాకా లారీ అన్న నాతోనే ఉన్నాడు, ఒక్కడే పోయి బావకు ముఖం చూపించే ధైర్యం లేక. దారిలో పడి ఉన్న మోపెడ్ ఎత్తి, దాన్ని తోసుకుంటూ పోయాం.

టైపు ఇన్‌స్టిట్యూట్ ముందు జనం. లోపల బావ లారీ సీటులోనే కూర్చుని ఉన్నాడు. తెర నల్లగా ఉంది. టైపు సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. మేం గుమ్మంలోనే ఆగిపోయాం.

"బావా," అన్నాను. "నేనే తీసినా. మీ వీధి ఆ ఫీడర్ మీదికి మార్చింది మరిచిపోయినా. చెప్పు తీసుకొని కొట్టు."

బావ తల తిప్పాడు. ముఖమంతా వెలుగు. ఆ ముఖం ఆయన పెళ్ళిరోజున కూడా నేను చూడలేదు.

"వాన పడింది," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. టైపు సారు చెప్పాడు. నలభై ఐదు నిమిషాలూ ఎండే కాసిందట. బావ మూడో స్థానంలో ఉన్నాడు, ముందు ఇద్దరే. కరెంటు పోయి యూపీఎస్ ఏడవడం మొదలుపెట్టగానే లారీ అన్న ఒక్క గెంతులో బయటపడ్డాడు. ఆయన పోయిన నాలుగో నిమిషానికి కొండ మీద మబ్బు పట్టింది. దారి రంగు మారింది. అద్దం మీద ఒక చినుకు, మరొకటి, ఆ తర్వాత జోరుగా. టైపు సారు మొదలుకొని గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళ దాకా అందరూ "తోలు బావా, తోలు!" అని అరుస్తున్నారు. బావ కారును దారి పక్కన గడ్డిలోకి దింపి ఆపేశాడు. ఇంజిన్ ఆపాడు. వైపర్లు కూడా ఆపాడు.

"వెనకవోళ్ళంతా దాటి పోతాండారు," అన్నాడు టైపు సారు. గొంతులో ఇంకా కోపం తగ్గలేదు. "నీళ్ళు చిమ్ముకుంటా పోతాండారు! ఈయన చేతులు కట్టుకోని కూచున్యాడు! నాలుగేండ్లప్పా!"

"ఇంగ ఆరు నిమిషాలే మిగిలుండె సార్," అన్నాడు బావ. "ఆరు నిమిషాల్లో పందెం యాడ అయితాది? ఆరు నిమిషాల వానన్నా చూసుకుందామని ఆపినా." నా వైపు తిరిగాడు. "నువ్వు కరెంటు తీయకపోయుంటే తోలుకుంటా దావే చూస్తాంటి. వాన చూసేవోణ్ణే కాదు."

లారీ అన్న రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నేను గూడ్సు కింద దూరి పరిగెత్తుకుంటా పోతి కదరా! నువ్వు ఈడ బండి ఆపుకోని కూచుంటివా!"

అక్కడ మొదలైంది నవ్వు. ఎవరు ముందు నవ్వారో తెలియదు. టైపు సారు బల్ల మీద తల వాల్చి నవ్వాడు. లారీ అన్న తిడుతూ నవ్వాడు. నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియలేదు. ఊపిరి తిరిగాక బావను అడిగాను.

"ఎంత కురిసింది బావా? పదునైతాదా?"

విత్తనం వేయడానికి నేల చాలినంత తడిస్తే మా వైపు పదునయింది అంటాం. బావ నిజంగానే ఆలోచించాడు.

"పదునైతాది," అన్నాడు. "ఇంగొక్క నిమిషముండింటే దుక్కి కూడా దున్నొచ్చు."

ఆ ఏడు నిజం వాన సంగతి మాత్రం నన్ను అడక్కండి.

మర్నాడు డ్యూటీకి వచ్చిన మా సీనియర్‌కు జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. సుద్దముక్క తీసుకుని, ఫీడర్ల పక్క గోడ మీద, ఏ వీధి ఏ ఫీడరో పెద్ద అక్షరాలతో రాశాడు. "రిజిస్టర్‌లో రాసింది రిజిస్టరే చదువుకుంటాదప్పా. కంటి ఎదురుగా రాసింది మనం చదువుకుంటాం," అన్నాడు. తమ్ముళ్ళూ, మీ సబ్‌స్టేషన్ గోడ మీద అలాంటి రాత ఉంటే చెరపకండి. లేకపోతే రేపే రాయండి.

ఆ తర్వాత ఆ పందెం మేం చాలాసార్లు ఆడాం. లారీ అన్న గెలిచాడు, నేనూ ఒకసారి గెలిచాను. ఎవరు ఎన్నిసార్లు గెలిచారో టైపు సారు నోటుబుక్కులో ఉంటుంది. నాకు గుర్తున్నది అది కాదు. ఆ వారమే ఒక మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉండగా ఫోన్ మోగింది. ఎత్తి, అలవాటుగా, "ఇంకో అరగంట పడుతుందప్పా," అన్నాను.

"అది కాదు," అంది బావ గొంతు. వెనక కారు ఇంజిన్ చప్పుడు, జనం గోల. "పందెంలో ఉండాను. మబ్బు పట్టింది. ఇప్పుడు తీయప్పా."

"ఏంది తీసేది?"

"కరెంటు! నా చేత్తో ఆపితే వీళ్ళు తంతారు. నువ్వు తీస్తే ఎవురూ ఏమనరు. ఒక్క పది నిమిషాలు తీయప్పా, వాన చూసుకుంటా."

"అట్లా ఇష్టమొచ్చినప్పుడు తీసేదానికి రూల్సు ఒప్పవు బావా."

"ఓహో," అన్నాడు బావ. "ఇన్నేండ్లూ రూల్సు చూసే తీసినావా?"

ముప్ఫయ్యేళ్ళలో, కరెంటు ఎప్పుడిస్తావని కాకుండా, ఎప్పుడు తీస్తావని అడిగిన ఫోన్ అదొక్కటే. తీయలేకపోయానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.